నేను చెరిపేసిన అంచు

డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన రోజుల్లో నేను చేసిన ఒక పాడుపని గురించి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. బస్తర్‌లో ఏడో తరగతి చదివే ఒక పిల్ల వాళ్ళమ్మ బొమ్మ గీసి తెచ్చింది. చీరకి ఎంతో ఓపిగ్గా గీసుకొచ్చిన అంచుని నేను రబ్బరుతో చెరిపేసి, ఆ చోట నాకు వచ్చిన మడతలు గీసి ఇచ్చాను. అవి గ్రీకు దేవతల ఒంటి మీది మడతలు. బొమ్మ బాగుచేశాననే అనుకున్నాను. అలా అనుకోవడం వెనక నా చదువుంది, ఆ చదువు వెనక రెండున్నర శతాబ్దాల కథ ఉంది. అది చెప్పకపోతే నా మూర్ఖత్వం ఎంత లోతుదో మీకు తెలియదు.

మావైపు డ్రాయింగ్ నేర్చుకునేవాళ్ళకి ముందు లోయర్, తర్వాత హయ్యర్ పరీక్షలు. అవి గట్టెక్కాక ఆర్ట్ కాలేజీలో చేరాను. మొదట్లో మాకు బతికున్న మనిషిని చూపించలేదు. ఒక పెద్ద గది, గోడకి ఎత్తుగా ఒకే కిటికీ, దాని ఎదురుగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోసిన తెల్లటి స్త్రీమూర్తి. నడుం కింద జారబోయి ఆగిన వస్త్రం. మీలోస్ ద్వీపంలో 1820లో దొరికి ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న వీనస్ విగ్రహానికి నకలు అది. "బట్ట గీయకురా, బట్ట మీద పడ్డ వెలుగు గీయి" అనేవారు మా మాస్టారు. తుంటి దగ్గర వస్త్రం ఎక్కడ పట్టుకుంటుంది, అక్కణ్ణుంచి మడతలు ఎటు విచ్చుకుంటాయి, మోకాలి మీదికొచ్చేసరికి బట్ట ఒంటికి అతుక్కుని లోపలి కాలి ఆకారాన్ని ఎలా చెబుతుంది, అన్నీ వంటబట్టాయి. చూడకుండా గీసే స్థితికి వచ్చాను. ఆ గదిలో నేను సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం అబద్ధం కాదు.

అలాంటి గదులకి మూలం యూరప్ అకాడమీలు. మన దాకా వచ్చింది లండన్ దారిన. అక్కడ రాయల్ అకాడమీని 1768లో పెట్టారు. చేరిన విద్యార్థి ముందు ప్లాస్టర్ నకళ్ళు గీసి మెప్పించాలి, ఆ తర్వాతే మోడల్ ఎదుట కూర్చోనిచ్చేవారు. అకాడమీ మొదటి అధ్యక్షుడు జాషువా రేనాల్డ్స్ 1769 నుంచి 1790 దాకా ఇచ్చిన ఉపన్యాసాలు విక్టోరియా రాణి కాలం విద్యార్థులకి కూడా పాఠాలే. వాటిలో ఒక సంగతి నా బుర్రలో బలంగా నాటుకుపోయింది. గొప్ప చిత్రకారుడు తన బొమ్మలోని బట్ట ఉన్నిదా, నారదా, పట్టుదా, మఖ్మలుదా అనే తేడా చూపించకూడదట. అది వస్త్రం, అంతే. కంటికి రోజూ కనబడే వివరాలన్నీ వడగట్టేస్తే చివరికి మిగిలేదే అందమని ఆయన సిద్ధాంతం. ఎల్గిన్ ప్రభువు ఏథెన్స్ నుంచి ఊడదీయించి తెచ్చిన పార్థినాన్ గుడి శిల్పాలని బ్రిటిష్ ప్రభుత్వం 1816లో 35,000 పౌండ్లకి కొని బ్రిటిష్ మ్యూజియంలో పెట్టాక, ఈ సిద్ధాంతానికి కళ్ళెదుటే రుజువు దొరికినట్టయింది. తలలు లేని ముగ్గురు దేవతలు, తడిపి ఒంటికి అంటించినట్టున్న సన్నటి వలువలు. వాటి నకళ్ళు దేశదేశాల ఆర్ట్ స్కూళ్ళకి చేరాయి. మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ 1850లో స్కూలు పెట్టాడు, బొంబాయిలో జేజే స్కూల్ 1857లో వచ్చింది. ఆ దారినే చదువు నా దాకా వచ్చింది.

ఆ చదువు పరాకాష్ఠకి చేరింది ఫ్రెడరిక్ లేటన్ చేతిలో. 1878 నుంచి 1896లో చనిపోయేదాకా రాయల్ అకాడమీ అధ్యక్షుడాయన. ముందు మోడల్‌ని నగ్నంగా గీసేవాడు. ఒళ్ళు కాగితం మీద సరిగ్గా కుదిరాక, అదే భంగిమకి బట్ట కప్పి, రంగు కాగితం మీద నల్లసుద్ద, తెల్లసుద్దలతో ఆ మడతలని విడిగా గీసుకునేవాడు. కాగితం రంగే మధ్యఛాయ. నల్లసుద్ద నీడలోకి దిగుతుంది, తెల్లసుద్ద మడత వీపు మీద మాత్రం తాకి ఆగుతుంది. ఆ తెలుపు ఎంత పొదుపుగా వాడితే మడత అంత పైకి లేస్తుంది. 1895 నాటి 'ఫ్లేమింగ్ జూన్'లో నారింజరంగు వలువలో ముడుచుకుని నిద్రపోతున్న అమ్మాయి ఉంటుంది. ప్యూర్టోరికోలోని పోన్సే మ్యూజియానిది ఆ బొమ్మ. నేను చూసింది పుస్తకంలో అచ్చు ప్రతే. అయినా తొడ మీదుగా దిగిన ఆ మడతలు చూస్తే ఇప్పటికీ ఊపిరి బిగబట్టేస్తాను. లేటన్ గొప్పవాడు, ఆ మాటలో నాకు అనుమానం లేదు. ఆయన బట్టని మోసుకెళ్ళి కనబడ్డ ప్రతివాళ్ళకీ కట్టబెట్టడం దగ్గరే నా తప్పు మొదలైంది.

ఉద్యోగం బస్తర్‌లోని జగ్దల్‌పూర్‌లో దొరికింది. తెలుగువాళ్ళకి బస్తర్ పరాయి చోటేం కాదు. కోంటా వైపు, భోపాలపట్నం వైపు తెలుగు ఇళ్ళలో మాట్లాడుకునే భాష. ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటొచ్చి రాజ్యం స్థాపించాడనీ, దంతేశ్వరి అమ్మవారు ఆయన వెంటే నడిచొచ్చిందనీ అక్కడ చెప్పుకుంటారు. ఆ కథ విని సొంతూరికి వచ్చినట్టే సంబరపడ్డాను. చుట్టూ ఉన్న మనుషుల్ని మాత్రం ప్లాస్టర్ గదిలోంచే చూశాను.

ఆదివారం సంతకి స్కెచ్‌బుక్ పట్టుకుని వెళ్ళేవాణ్ణి. తలమీద ఇప్పపువ్వు బుట్ట, జుట్టు పక్కకి తిప్పి వేసిన ముడి, అందులో దువ్వెన, మెడనిండా పూసలు, చేతుల మీద పచ్చబొట్లు, మోకాళ్ళ దగ్గర ఆగిపోయే ముతక చీర, భుజం మీద దానికి గట్టి ముడి. వాళ్ళని గీసేవాణ్ణి, గీస్తూనే దిద్దేవాణ్ణి. మెడ సాగదీసేవాణ్ణి. నుదుటి నుంచి ముక్కుని తిన్నగా దింపేవాణ్ణి. తలకి ఎనిమిది రెట్లు వచ్చేలా ఒళ్ళు పొడుగు చేసేవాణ్ణి. చీరని పాదాల దాకా లాగి పల్చన చేసేవాణ్ణి. వెలుగునీడలకి అడ్డమని పచ్చబొట్లు వదిలేసేవాణ్ణి. ఇంటికొచ్చి చూసుకుంటే బొమ్మలు ముచ్చటగా ఉండేవి. ఎదురుగా కూర్చున్న మనిషి వాటిలో ఉండేది కాదు. ఆ సంగతి ఒక్కనాడూ నాకు తట్టలేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ ఆడవాళ్ళు గీయడానికి పనికొస్తారనుకున్నాను గానీ, అందమైనవాళ్ళు అనుకోలేదు. ఈ మాట నోటితో ఎప్పుడూ అనలేదు. పిల్లల బొమ్మలకి వేసిన మార్కుల్లో మాత్రం అదే చెప్పాను.

ఆ పిల్ల బొమ్మ ఇలా ఉంది. వాళ్ళమ్మ ఎదురుగా నిలబడింది. రెండు చేతులూ పక్కకి వేలాడుతున్నాయి. చీర తలుపులా తిన్నగా దిగింది, మడతంటూ లేదు. దాని అంచు మాత్రం మొత్తం కనబడుతోంది. మెట్లు మెట్లుగా గుడి గోపురాలు, వాటి పైన పీతలు, ఒక వరుస చేపలు. పెన్సిలు చెక్కుకుని చెక్కుకుని గీసింది. ప్రతి పీతకీ కాళ్ళు సరిగ్గా ఉన్నాయి. ఇటు ఎన్ని పీతలో అటూ అన్నే. నేను ఆ కాగితం చేతిలోకి తీసుకుని, "బట్ట ఇలా ఉండదమ్మా, ఒంటి మీద పడితే మడతలు రావాలి కదా" అన్నాను. అంచు చెరిపేశాను. నడుం నుంచి మోకాలి దాకా నాలుగు పొడుగు మడతలు లాగి, వాటి లోయల్లో నీడ వేసి ఇచ్చాను. క్లాసు మొత్తం చుట్టూ చేరి మెచ్చుకుంది. ఆ పిల్ల బొమ్మ తీసుకుని తన చోటికి వెళ్ళి కూర్చుంది. ఏమీ అనలేదు. తర్వాత ఆ పిల్ల వాళ్ళమ్మని ఎప్పుడూ గీయలేదు. నేను బల్ల మీద పెట్టిన కూజానీ, గ్లాసునీ గీస్తూ ఉండేది.

కొన్నాళ్ళకి స్టిల్ లైఫ్ వెనక వేలాడదీయడానికి బట్ట కావాల్సొచ్చి తోకాపాల్ వెళ్ళాను. జగ్దల్‌పూర్‌కి దగ్గరే. అక్కడ పనికా కులం నేతగాళ్ళు పాటా చీరలు నేస్తారు. ఒకాయన ఇంటి వసారాలో గుంట మగ్గం మీద పని చేస్తున్నాడు, పెద్దవయసువాడు. "రా గురుజీ, కూచో" అన్నాడు. ఛత్తీస్‌గఢ్‌లో మాస్టార్లని అలాగే పిలుస్తారు. ఆయన పని ఆపలేదు. నేను ఊరికే కూర్చోలేక స్కెచ్‌బుక్ చూపించాను. నా గొప్ప చూపించుకోవాలనే చూపించాను. ఆయన మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని, సంత ఆడవాళ్ళ బొమ్మలు ఒక్కొక్కటే తిరగేశాడు. ఒక బొమ్మ దగ్గర ఆగి వేలు పెట్టాడు.

"గురుజీ, ఇదెక్కడి నూలు?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే ఇంకో ప్రశ్న వేశాడు. "మా ఊళ్ళ ఆడవాళ్ళలాగే ఉన్నారు. మరి ఈ బట్ట ఎవరు నేశారు? దీనికి అంచేదీ?"

"అంచు ముఖ్యం కాదు దాదా, మడతలు చూడు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. అంచు నేసి బతికే మనిషి ఎదుట కూర్చుని అన్నాను.

ఆయన కోప్పడలేదు. లేచి లోపలికెళ్ళి ఒక చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. బరువు. నూలు రంగే ఉంచేసిన మీగడ తెలుపు, దానికి ముదురెరుపు అంచు. అంచు విప్పి చూపించాడు. అంచులకి ఎర్ర నూలు, మధ్య నేతకి తెల్ల నూలు పోవాలి గనక పేకలో మూడు నాడెలు పట్టాలి. రెండు అంచులకి రెండు, నడిమికి ఒకటి. రంగు మారే చోట ఒక పేక ఇంకో పేకని కొక్కెం వేసి పట్టుకుంటుంది. అక్కడ లేచే పళ్ళే ఆ గోపురాలు. పీత, చేప, గొడ్డలి మాత్రం పేకతో పాటు అదనపు నూలు ఎక్కించి చేత్తో ఎత్తాలి. ఆ పిల్ల బొమ్మలో పీతలు రెండు వైపులా ఎందుకు సమానంగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. లెక్క తప్పితే చీర పనికిరాదు.

ఆ ఎరుపు తొగరు చెట్టు వేరు బెరడుది. వాళ్ళు ఆల్ అంటారు. ముందు నూలుకి ఆముదం, బూడిద నీళ్ళు, పేడ పట్టించి రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ పిసకాలి. నూలు నూనె తాగాకే రంగు తాగుతుంది. తర్వాత వేరు బెరడు పొడిలో ఉడకబెట్టాలి. అన్నభేది కలిపితే నలుపు దిగుతుంది. ఎరుపుకీ నలుపుకీ మధ్య వచ్చే ఛాయలన్నీ ఈ రెంటి పాళ్ళే. మొత్తం ప్రక్రియ నెలదాకా పడుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని ఇది. ఎండ బాగా కాసే నెలల్లోనే కుదురుతుంది. బస్తర్ సరిహద్దు దాటితే ఒడిశాలో కోట్‌పాడ్ నేత కూడా ఇదే రంగుతో సాగుతుంది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఆయన కోడలు ఆ చీర కట్టుకుని బయటికి వచ్చింది. ఆ వేళ నాకు కళ్ళు తెరుచుకున్నాయి. బట్ట ఒంటికి అతుక్కోదు. ఒంటికి కాస్త దూరంగా, తన బరువుతో తాను నిలబడుతుంది. మడత పడితే వెడల్పుగా, కోసుగా, ఒకటో రెండో పడుతుంది. భుజం మీద ముడి నుంచి అంచు పైకి వచ్చి ఎదురుగా పరుచుకుంటుంది, అందరికీ కనబడాలనే కట్టు అలా ఉంటుంది. ఎనిమిది మూరల చీరో పదహారు మూరల చీరో, ఎవరు ఏది కడతారో, ఎప్పుడు కడతారో అన్నీ ఆ బట్టలోనే తెలుస్తాయి. మడత లేకుండా, అంచు మొత్తం చూపిస్తూ తిన్నగా నిలబడ్డ చీర. అచ్చం ఆ పిల్ల గీసినట్టే ఉంది. ఆ పిల్ల కళ్ళతో చూసి గీసింది. నేను చూడకుండా గీశాను.

ఆ తర్వాత ఇంకో పెద్ద సంగతి తెలిసి నాకు నిద్ర పట్టలేదు. నేను పూజించిన గ్రీకు శిల్పాలు అసలు తెల్లవి కావు. వాటికి రంగులుండేవి. ఏథెన్స్ అక్రోపోలిస్‌లో 1886లో దొరికిన ఒక కన్య విగ్రహం ఉంది, క్రీస్తుపూర్వం 530 ప్రాంతానిది. ఆమె వస్త్రం మీద రంగుల అలంకరణ జాడలు ఇప్పటికీ కనబడతాయి. అక్కడే దొరికిన తోటి విగ్రహాల బట్టలకి అల్లికల అంచులు రంగులతో వేసి ఉన్నాయి. అంటే గ్రీకు శిల్పి కూడా అంచు వదల్లేదు. వదిలింది మేము. వానలు కడిగేసిన రాయిని చూసి ఇదే అందం అన్నది రేనాల్డ్స్ తరం, దాన్ని తెల్ల ప్లాస్టర్‌లో పోతపోసి అచ్చులుగా పంపింది ఆ తర్వాతి తరం, ఆ ప్లాస్టర్ చూసి పిల్లల బొమ్మలు చెరిపింది నేను. 1930లలో బ్రిటిష్ మ్యూజియంలో పార్థినాన్ శిల్పాలు చాలినంత తెల్లగా లేవని రాగి పనిముట్లతో గీకించారు కూడా. విక్టోరియా కాలంలోనే ఈ సంగతి తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఆల్మా టడేమా 1868లో వేసిన బొమ్మలో గ్రీకు శిల్పి ఫిడియాస్ తన మిత్రులకి చూపిస్తున్న పార్థినాన్ శిల్పాలు నిండు రంగుల్లో ఉంటాయి. ఆ బొమ్మ అచ్చు ప్రతిని నేను కాలేజీ లైబ్రరీలోనే చూశాను. రంగు ఎక్కువైందనుకుని పేజీ తిప్పేశాను.

కొండగావ్ వెళ్ళినప్పుడు ఇంకో పాఠం. డోక్రా పోతపనిలో పేరుపొందిన జైదేవ్ బఘేల్ ఊరది. ఘడ్వా కంచరులు ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. మైనంలో గుగ్గిలం కలిపి, చెక్క గొట్టంలోంచి నొక్కి సన్నటి దారాలు తీస్తారు. ఆ మైనపు దారాన్ని మట్టి ముద్ద చుట్టూ పక్కపక్కనే చుట్టుకుంటూ పోతే ఒళ్ళు తయారవుతుంది. దాని మీదే ఇంకో దారంతో కళ్ళు, నగలు, చీర. పైన పుట్టమన్ను పూసి కాల్చితే మైనం కరిగిపోయి, దాని చోటులోకి ఇత్తడి వస్తుంది. లేటన్ ముందు ఒళ్ళు గీసి తర్వాత బట్ట కప్పేవాడు. డోక్రా బొమ్మలో బట్ట తీసేస్తే లోపల కనబడే ఒళ్ళు లేదు. చర్మమూ చీరా ఒకే దారం. నాకు ఒక్కటే దారి తెలుసు, లోకంలో ఇన్ని ఉన్నాయని అక్కడ నేర్చుకున్నాను.

ఇదంతా తెలుసుకోవడానికి బస్తర్ దాకా వెళ్ళక్కర్లేదు కూడా. 1213 నాటి రామప్ప గుడిలో నల్లరాతి మదనికలు ఉన్నారు. ఒక కోతి ఒకామె చీర లాగుతుంటుంది. అక్కడ బట్టని చెప్పేది దాని అంచు గీతే. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్‌కి వెళ్ళి నేను చదివిన చదువే నాకంటే వెయ్యిరెట్లు బాగా చదివాడాయన. తిరిగొచ్చి గోదావరి ఆడవాళ్ళని గోదావరి ఆడవాళ్ళుగానే వేశాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. చదువుకునే రోజుల్లో ఆ గ్యాలరీ చూసి, ఈయన మడతల్లో నీడ తక్కువైందని పక్కవాడితో అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు కుచించుకుపోతుంది.

ఆ పిల్లకి క్షమాపణ చెప్పుకోలేకపోయాను. నాకు బుద్ధొచ్చేసరికి బడి మానేసి వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి చెప్పాల్సింది. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని వెళ్ళలేదు. మొదటి తప్పుకి అజ్ఞానం కారణమని చెప్పుకోవచ్చు. ఈ రెండోదానికి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ప్లాస్టర్ బొమ్మలు గీయడం మానమని నేను చెప్పను. వెలుగునీడలు నేర్పడానికి అంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. నేనూ అవి నేర్పించడం మానలేదు. పక్కనే పాటా చీర, ఉప్పాడ చీర, గంజి పెట్టిన పంచె వేలాడదీసి, ఏ బట్ట ఎలా పడుతుందో గీయించడం మొదలుపెట్టాను. అంచు వేయడం మరిస్తే మార్కులు తగ్గించాను.

ఇది చదివే డ్రాయింగ్ మాస్టార్లకి నా మనవి ఒకటే. పిల్లల కాగితం మీద మీ పెన్సిలు పెట్టకండి. చెప్పాల్సింది ఉంటే పక్కన వేరే కాగితం మీద గీసి చూపించండి. బస్తర్ వెళ్ళేవాళ్ళు చిత్రకోట్ జలపాతం చూసి అట్నుంచి అటే వచ్చేయకండి. జగ్దల్‌పూర్ ధరంపురాలో ఆంత్రోపలాజికల్ సర్వే వాళ్ళ మ్యూజియం ఉంది, అది చూడండి. తోకాపాల్ వెళ్ళి ఒక పాటా చీర చేతిలోకి తీసుకోండి. నూలుకి రంగు పట్టించడానికే నెల పడుతుంది. వాళ్ళు చెప్పిన ధర ఇచ్చి కొనండి, బేరమాడకండి.